ఆరున్నొక్కటి

ఆ సంఖ్య ఇక్కడ రాయను. రాశానంటే మీలో ఎవరో ఒకరు దాన్ని ఫోన్లో కొట్టి, విరుగుతుందో విరగదో ఒక్క నిమిషంలో తేల్చిపారేస్తారు. మా పక్కింటి కోడలు సరిగ్గా ఆ పనే చేయబోయింది. పాపం, మంచికే. మధ్యాహ్నం పూట నేను అరుగు మీద కాగితాలు పరుచుకుని కూర్చోవడం చూసి చూసి, ఒకరోజు గోడ దగ్గరికి వచ్చి, నంబరు చెప్పండి ఆంటీ, ఇప్పుడే చూసేద్దాం అంది. నేను ఇంతెత్తున లేచాను. ఇది మా ఇంటి వ్యవహారం, నీ ఫోన్ వ్యవహారం కాదన్నాను. తరవాత పది రోజులు ఆ పిల్ల కరివేపాకు కోసం కూడా గోడ దగ్గరికి రాలేదు. నోరు అలాంటిది నాది, ఏం చేయను.

చెప్పగలిగినంత చెబుతాను. దానికి పదకొండు అంకెలు. రెండుతో మొదలై మూడుతో ఆగుతుంది. మాటల్లో చదివితే రెండు వేల కోట్ల పైచిలుకు. అంకెలన్నీ కూడితే ముప్ఫై ఎనిమిది, కాబట్టి మూడుతోనూ పోదు, తొమ్మిదితోనూ పోదు. పదకొండుతో భాగిస్తే ఆరు మిగులుతుంది, పదమూడుతో నాలుగు. ఇలా దేనితో ఎంత మిగులుతుందో వేలకొద్దీ రాసి పెట్టుకున్నాను. రెండేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే. ఈ సంఖ్యను దేనితోనైనా మిగులు లేకుండా భాగించగలనా అని చూస్తున్నాను.

ఎందుకంటే, దీని మీద మా బావకూ నాకూ పోట్లాట అయింది. అది తేలకుండానే ఆయన పోయాడు.

బావ అంటే మా మేనత్త కొడుకు, ఆపైన నా మొగుడు. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచాను, నువ్వు అనే అన్నాను. మా వైపు అదేమీ తప్పు కాదు. పోర్టులో టాలీ క్లర్కు. ఓడలోంచి ఏది దిగింది, ఏ వ్యాగన్‌లోకి ఎక్కింది అని పొద్దస్తమానం ఎండలో నిలబడి నంబర్లు రాసుకోవడం ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. మల్లెపూల పొట్లం అనుకుని సిగ్గుపడుతూ విప్పాను. చూస్తే నంబరు! పొద్దుట్నుంచి ఇది బుర్రలో తిరుగుతోందని, దేనితో పోతుందో చూడమని అన్నాడు. నేను ఇంటర్లో ఎంపీసీ దాకా చదివి ఆపేసిన దాన్ని. ఒళ్ళు మండింది గానీ, స్టవ్ ఆపేసి కూర్చుని ఆ నంబరు సంగతి చూశాను. ముప్పావు గంటలో తేల్చేశాను. ఆ రోజు అన్నం మాడింది. ఆయన అదే తిన్నాడు.

అప్పటినుంచి రోజుకొకటి. పూలు తెచ్చిన రోజులు తక్కువే గానీ నంబరు తేని రోజు లేదు. పోర్టులో వాళ్ళు ఆయన్ని ఏడిపించేవారట, మీ ఆవిడకి చీరలు వద్దా బావా, నంబర్లు చాలా అని. మా ఇంట్లో కారణాంకాలు అనే పెద్ద మాట వాడేవాళ్ళం కాదు. విరవడం అనేవాళ్ళం, పుల్లని విరిచినట్టు. విరిగితే సరే. విరగకపోతే మొండిది. తరవాత నేను ఒక ప్రైవేటు బడిలో ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పాను. అక్కడ ప్రధాన సంఖ్యని ప్రైమ్ నంబర్ అనేదాన్ని, ఇంటికొస్తే మొండిదే. కొందరు వాటిని ఒంటరి సంఖ్యలు అంటారట. సంఖ్యకు ఒంటరితనం ఏమిటి? ఒక్కదానికే పప్పు వండుకోవాలా, తలుపు గడియ పడిందో లేదో రెండుసార్లు చూసుకోవాలా?

పదిహేను విరిస్తే మూడూ, ఐదూ. ఇరవై ఒకటి విరిస్తే మూడూ, ఆరున్నొక్కటీ. ఈ ఆరున్నొక్కటి సంగతి చెప్పాలి.

మా నాన్న కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు కుంచానికొక లెక్క పైకి చదివేవాడు. మొదటి కుంచం ఒకటి కాదు, లాభం. తరవాత రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆరు తరవాతది ఆరున్నొక్కటి. ఆ పైన ఎనిమిది. మధ్యలో ఉన్న అంకెను అనకూడదు. పంట ముందు నిలబడి ఏడు, ఏడు అంటే ఏడవమన్నట్టే కదా మరి. నేను ఆ కళ్ళంలోనే ఎక్కాలు నేర్చుకున్నాను. పెద్దయ్యాక లాభం పోయింది గానీ ఆరున్నొక్కటి నాలుక మీద ఉండిపోయింది. రాయడానికి నాకేమీ అభ్యంతరం లేదు, చూస్తున్నారుగా. నోటితో తెలుగులో అనడమే రాదు. బళ్ళో ఇంగ్లీషు మీడియం కాబట్టి సెవెన్ అని నెట్టుకొచ్చాను. బావ దీనికి నన్ను ఎంత ఆట పట్టించేవాడో! ఏడుకొండలవాడా అని నేను దండం పెట్టుకుంటే, అదేమిటి, ఆరున్నొక్క కొండలవాడా అనాలి కదా అనేవాడు. దేవుడి ముందు కూడా ఊరుకునేవాడు కాదు.

కానీ లెక్కలో మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. నేను అంకెలు చదువుతూ ఆరున్నొక్కటి అనగానే ఆయన చెయ్యి 7 వేసి ముందుకు పోయేది. ఆరు అన్నావా, ఒకటి అన్నావా అని ఏనాడూ అడగలేదు. నాకది అప్పట్లో గొప్పగా తోచలేదు. మొగుడన్నాక ఆ మాత్రం తెలియదా అనుకున్నాను.

పిల్లల్లేరు మాకు. ఉండుంటే వాళ్ళనీ ఎక్కాలతో చంపుకు తినేవాళ్ళమేమో. పెందుర్తిలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. ఆయన రిటైరయ్యాక పోర్టు నంబర్లు ఆగిపోయాయి. నాలుగు రోజులు మొహం మాడ్చుకుని ఇంట్లో తిరిగాడు. ఐదో రోజు సాయంత్రం పద అని నన్ను స్టేషన్‌కి తీసుకెళ్ళి, పట్టాల మీది కాలివంతెన ఎక్కించాడు. కొండల మీంచి ఇనుప ఖనిజం మోసుకుని గూడ్సు బళ్ళు కిందినుంచి పోతాయి, కొన్ని పోర్టుకి, కొన్ని స్టీలు ప్లాంటుకి. ప్రతి వ్యాగన్ మీదా పదకొండు అంకెల నంబరు తెల్ల రంగుతో రాసి ఉంటుంది. ఎర్ర ధూళి పట్టి సగం కనిపించవు. కనిపించినవాటిలో రోజుకొకటి ఏరుకునేవాళ్ళం.

మొదట్లో ఆయన చదివితే నేను రాసేదాన్ని. షుగర్ వల్ల ఆయన చూపు మందగించాక, నాలుగేళ్ళుగా నేను చదవడం, ఆయన రాయడం. దగ్గరవి బాగానే కనిపించేవి, దూరానివే కష్టం. ఊళ్ళో వాళ్ళు సాయంత్రమైతే బీచికి పోతారు, మేము గూడ్సు బళ్ళ మీదికి వంగి నిలబడేవాళ్ళం. ఎర్ర దుమ్ము జుట్టు నిండా పడేది. ఇంటికొచ్చి తల దులుపుకుని, టీ తాగుతూ నంబరు విరవడం. అంతకంటే సుఖం నాకు తెలియదు.

ఆ రోజు కూడా అలాగే వెళ్ళాం. బండి మెల్లగా ఈడుస్తూ పోతోంది. ఒక వ్యాగన్ చూపించి నేను చదివాను. చదువుతూనే పదకొండు లెక్క వేసుకోవడం నాకు అలవాటు. ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడాలి, మిగిలినవి విడిగా కూడాలి, రెండు మొత్తాలూ సమానమైతే ఆ సంఖ్య పదకొండుతో పోతుంది. నా నోరు అంకెలు చెబుతుంటే బుర్ర రెండు వైపులా కూడుకుంటూ పోతుంది. ఈ విద్యలో నన్ను బావ కూడా కొట్టలేకపోయాడు. చదవడం అయ్యేసరికి మొత్తాలు సమానం. ఇది పదకొండుతో పోతుందని వంతెన మీదే చెప్పేశాను. ఆయన అంకెలు మళ్ళీ చెప్పమన్నాడు. ఇంకోసారి కూడా చెప్పమన్నాడు. బండి దాటిపోయింది, నేను గుర్తున్నవి గుర్తున్నట్టు రెండుసార్లూ చెప్పాను, విసుక్కుంటూనే. అంకెలు పదకొండూ ఉన్నాయా లేదా అని వేలితో లెక్కపెట్టుకుని కాగితం జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి ఆయన వేశాడు. పదకొండుతో ఆరు మిగిలింది. నమ్మలేదు నేను. కాగితం లాక్కుని నేనే అంకెలు కూడి చూశాను. ఒకవైపు ఇరవై రెండు, ఒకవైపు పదహారు. ఆయన పకపకా నవ్వాడు.

"ఏటే, ఇన్నాళ్ళకి నీ పదకొండు కాలు జారింది."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. నువ్వు రాసిన అంకెలు చూడు, కోడి గీకినట్టు ఉన్నాయి అన్నాను. వంతెన మీద మూడుసార్లు చెప్పించుకున్నావు, చెవులు కూడా పోయాయా అన్నాను. ఆయన పెన్ను తీసుకున్నాడు. వంద లోపు మొండివాటన్నిటితోనూ ఒకటొకటిగా వేసి చూశాడు. ఏదీ పోలేదు. కాగితం నా వైపు తోసి, ఒక రకంగా తల ఊపాడు. కొన్ని సంఖ్యల్ని చూసి ఇది మొండిది అని ఆయనకి ముందే అనిపించేది. చాలాసార్లు నిజమయ్యేది కూడా.

"ఇది మొండిదే. ఇరగదు."

"ఇరుగుతాది. నాను ఇరుత్తాను సూడు."

"ఇరిసినప్పుడు సెప్పు."

అంతే. నేను తీసుకోకపోయేసరికి కాగితం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తరవాత అన్నం పెట్టాను, తిన్నాడు. మాట్లాడలేదు నేను. మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటూ కుళాయి దగ్గర కూలబడిపోయాడు. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. నన్ను చూసేవాడు గానీ ఎవరో ఏమిటో తెలిసినట్టు లేదు. ఆరో రోజు మధ్యాహ్నం పోయాడు.

పెద్దకర్మ అయిపోయి, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, ఆయన చొక్కాలు మడతపెడుతుంటే జేబులో ఆ కాగితం దొరికింది. అది చూడగానే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గెలిచి వెళ్ళిపోయాడు! నాకు తిరిగి మాట్లాడే అవకాశం ఇవ్వకుండా వెళ్ళిపోయాడు. సరే, చూద్దాం అనుకున్నాను. విరిచి తీరతాను, గోడ మీది ఫొటో ముందు నిలబడి నీ మొండిది విరిగిందయ్యా అని చెబుతాను అనుకున్నాను.

పని ఎంత పెద్దదో అప్పుడే లెక్క వేసుకున్నాను. ఒక సంఖ్య రెండు ముక్కలవుతుందంటే అందులో చిన్న ముక్క దాని వర్గమూలం కంటే పెద్దది కాలేదు. కాబట్టి అక్కడిదాకా చూస్తే చాలు. ఈ సంఖ్యకి అది లక్షా నలభై వేలు దాటుతుంది. అన్నిటితోనూ భాగించక్కర్లేదు, మొండివాటితో వేస్తే చాలు. అవి పదమూడు వేలకు పైనే. లక్ష లోపు మొండివాటిని మేమిద్దరం ఎప్పుడో ఏరి పెట్టుకున్నాం. రెండో ఎక్కంవి కొట్టేసి, మూడో ఎక్కంవి కొట్టేసి, ఐదువి కొట్టేసి, జల్లెడ పట్టినట్టు పట్టి రిజిస్టర్లలో రాశాం. రెండు వర్షాకాలాలు పట్టింది ఆ పనికి. పేజీకి సగం ఆయన రాత, సగం నాది.

రోజుకి పదిహేను. పొద్దున్న పని అయ్యాక, ఆయన పోర్టు నుంచి తెచ్చి పెట్టుకున్న పాత టాలీ షీట్ల వెనకవైపు తెల్లగా ఉండేది, దాని మీద. ఒక కాగితం మీద ఒక్క భాగహారం. అంకెలు పైకి చదవడం మానుకోలేకపోయాను. చదివేది నేనే, రాసేదీ నేనే. మొదటి నెలల్లో అంకె చదివి, అవతల చెయ్యి రాస్తుందని ఒక్క క్షణం ఆగిపోయేదాన్ని. రాయాల్సిన పెన్ను నా చేతిలోనే ఉండేది. అలా ఆగినప్పుడల్లా ఇల్లు ఎంత ఖాళీగా ఉందో తెలిసేది. వంతెన దగ్గరికి మళ్ళీ పోలేదు. సాయంత్రాలు గూడ్సు కూత వినిపిస్తే టీవీ సౌండ్ పెంచేదాన్ని.

పద్నాలుగు నెలలు అలా గడిచాయి. అరవై రెండు వేల దాకా వచ్చాను. విరగలేదు. మిగులు వచ్చిన ప్రతిసారీ బావ నవ్వుతున్నట్టే ఉండేది, ప్రతిసారీ ఒళ్ళు మండేది. మండుతుంటే బాగానే ఉండేది, నిజం చెప్పాలంటే. పోట్లాడటానికైనా ఒక మనిషి ఉన్నట్టుండేది. విరిగిపోయాక ఏం చేస్తానన్న భయం కూడా లోపల ఉంది. అయినా ఆపలేదు.

ఏటా ఒకసారి నేను బతికే ఉన్నానని పింఛను కోసం బ్యాంకుకి వెళ్ళి కాగితం ఇవ్వాలి. ఆ ఏడు కూడా వెళ్ళాను. కౌంటర్లో చిన్న వయసు అమ్మాయి. పింఛను కాగితం మీది నంబరు చెరిగిపోయిందని, నన్నే చదవమంది. మామూలుగా ఇలాంటి చోట్ల ఇంగ్లీషులో చదువుతాను. ఆ రోజు కాగితం మీద బావ పేరు చూసి, తెలుగులో మొదలుపెట్టాను. ఆయనకి చదివినట్టే చదివాను. ఆ అమ్మాయి కొట్టుకుంటూ పోయి, చివర ఆగి, కంప్యూటర్ వైపు చూసి, నా వైపు చూసింది.

"అమ్మా, ఒక అంకి ఎక్కువొచ్చీసింది."

రాదు, సరిగ్గానే చదివాను అన్నాను. ఆ అమ్మాయి ఓపిగ్గా తను కొట్టినది వరసగా చదివి వినిపించింది. మధ్యలో ఆరు, ఒకటి అంది. అది 7 అమ్మా, ఆరున్నొక్కటి అంటే 7 అని చెప్పాను. ఆ పిల్లకి నవ్వొచ్చింది. మా అమ్మమ్మ కూడా అలాగే అనేదండి, నేను మర్చిపోయాను అంటూ సరిచేసింది. వెనక లైన్లో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. సంతకం పెట్టి బయటికొచ్చి బస్సెక్కాను. టికెట్ తీసుకున్నాను. రెండు స్టాపులు దాటాక ఆ అమ్మాయి చదివిన ఆరు, ఒకటి మళ్ళీ చెవిలో పడింది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కాగితం తీశాను. సంఖ్య మధ్యలో ఒకచోట 6, దాని పక్కన 1. నేను లెక్కలేనన్ని సార్లు చూసిన కాగితమే. ఆ రెండూ చెరిపేసి 7 పెట్టి ఇంకో కాగితం మీద రాశాను. పది అంకెలయ్యాయి. అంటే వ్యాగన్ మీద చివరి అంకెని ధూళి కప్పేసి ఉంటుంది, నేను చదివింది పదే. ఒకటి తగ్గిన చోట ఆరున్నొక్కటి రెండంకెలై కూర్చుని పదకొండు సరిపెట్టేసింది. తప్పు దొరికే దారి కూడా లేకపోయింది. ఆరూ ఒకటీ కలిపితే 7 కదా, అంకెల మొత్తం ముప్ఫై ఎనిమిది అలాగే ఉంటుంది, తొమ్మిదితో సరిచూసుకున్నా పట్టుబడదు.

పది అంకెల్నీ ఒకటి విడిచి ఒకటి కూడాను. పందొమ్మిది. మిగిలినవి కూడాను. పందొమ్మిది.

నేను వంతెన మీద అన్నది నిజమే. పదకొండుతో పోతుంది. నా పదకొండు కాలు జారలేదు! ఒక్క ఊపున లేచి ఫొటో ముందుకెళ్ళి, "సూసావా బావా, నాను సెప్పినాను కదా" అని గట్టిగా అరిచాను. ఆ సంతోషం ఎంతసేపు ఉందో చెప్పలేను. గ్లాసుడు మంచినీళ్ళు తాగే అంతసేపు ఉందేమో. తరవాత, మరి ఆయన ఆరు, ఒకటి అని ఎందుకు రాశాడు అన్నది తట్టింది.

అటక మీంచి వంతెన నోటుపుస్తకాలన్నీ దింపాను. నాలుగేళ్ళ సాయంత్రాలు. ఒక్కో పేజీ తిప్పి 7లు చూశాను. నేను అన్న ప్రతి ఆరున్నొక్కటీ 7గానే ఉంది. పెళ్ళయిన కొత్తలోని కాగితాలు కూడా కొన్ని దాచుకున్నాను, అవీ చూశాను. ఎక్కడా తప్పలేదు. ఇంత కాపురంలో నా మాట ఆయనకి అర్థం కానిది ఆ ఒక్క సాయంత్రమే.

ఆసుపత్రిలో డాక్టరు నన్ను ఒకటి అడిగాడు. ముందురోజు మాటలో గానీ, రాతలో గానీ, వినికిడిలో గానీ ఏమైనా తేడా గమనించారా అని. లేదండీ, బాగానే ఉన్నారు, మేము పోట్లాడుకున్నాం కూడా అని చెప్పాను. అలాగే చెప్పాను! మూడుసార్లు చెప్పించుకున్నాడు, నేను విసుక్కున్నాను. అంకెలు కోడి గీకుడులా ఉన్నాయి, నేను వెక్కిరించాను. నా ఆరున్నొక్కటి ఆయనకి తెలియకుండా పోయింది, ఆ కాగితం నా చేతిలోనే ఉంది. అంకెలు కలిపి చూశాను కూడా. అప్పుడే ఆటో ఎక్కించుకుని తీసుకెళ్ళి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. డాక్టర్ని వెళ్ళి అడిగే ధైర్యం కూడా లేదు. ఇన్నేళ్ళు బళ్ళో పిల్లల తప్పులు దిద్దినదాన్ని, నా ఎదురుగా కూర్చున్న మనిషిని చూడలేదు. అన్నం పెట్టి, మాట్లాడకుండా పడుకున్నాను.

నెల రోజులు కాగితం ముట్టుకోలేదు. పక్కింటి కోడలే గోడ మీంచి కూర గిన్నె అందించేది, ఏమీ అడక్కుండా. నేను ఎవరి మీద ఇంతెత్తున లేచానో ఆ పిల్లే.

మళ్ళీ ఎందుకు మొదలుపెట్టానో చెబితే నవ్వుతారు. వ్యాగన్ మీది నంబరు నాది, అందులో నేను గెలిచాను, అది అయిపోయింది. కానీ కాగితం మీదున్నది బావ సంఖ్య. ప్రపంచంలో ఏ వ్యాగన్ మీదా లేకపోవచ్చు, ఆయన రాశాడు కాబట్టి ఉంది. దాన్ని వంద దాకా వేసి చూసి, తల ఊపి, ఇది మొండిదే అన్నాడు. ఆ మాట తప్పని నేను ఇంతవరకు చూపించలేదు. ఆ మాట నిజమైతే, ఆ సాయంత్రం ఆయన చెవి ఒక్క మాట దగ్గర తడబడిందేమో గానీ, బుర్ర బుర్రగానే ఉందని. నా ఎదురుగా కూర్చుని నవ్వినవాడు మా బావేనని. విరిగిందంటే అప్పటికే ఆయన పోవడం మొదలైందని, నేను పోతున్న మనిషితో పోట్లాడానని.

లెక్కల టీచర్ని. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. సంఖ్య విరగడం, విరగకపోవడం ఆయన మెదడుని బట్టి ఉండదు. ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

అయినా ఇప్పుడు రోజుకి ఐదే చేస్తాను. పదిహేను చేస్తే త్వరగా అయిపోతుంది. డెబ్బై తొమ్మిది వేల దాకా వచ్చాను. ఈ లెక్కన ఇంకా మూడేళ్ళ పని ఉంది. లక్ష దాటాక రిజిస్టరు కూడా లేదు, మొండివాటిని నేనే ఒక్కదాన్నీ ఏరుకోవాలి, దానికి ఇంకో ఏడాది వేసుకోవచ్చు. ఒకప్పుడు మిగులు వస్తే ఒళ్ళు మండేది. ఇప్పుడు చివరి అంకె దించి, మిగులు కనిపించాక గానీ ఊపిరి ఆడదు. ఇవాళ నాలుగోదానికి ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. భయం వేసి, మొత్తం మళ్ళీ మొదట్నుంచి చేశాను. ఒకటే మిగిలింది. ఐదోది కూడా చేశాను, దానికి బోలెడు మిగిలింది.

విరగలేదు. ఇవాళ్టికి మా బావ బాగానే ఉన్నాడు.